జీలిబ్‌సీ ఒక్కదాన్నే మార్చేస్తే ఏమవుతుంది: లైనక్స్ కోర్ లైబ్రరీల అప్‌గ్రేడ్, డౌన్‌గ్రేడ్ గురించి వివరంగా

సెంటాస్ 7 అనే లైనక్స్ సిస్టమ్‌కి సపోర్ట్ 2024 జూన్ 30తో అయిపోయింది. అయిపోయినా అనంతపురం, కర్నూలు, కడపల్లో దాని మీద నడిచే మిషన్లు ఇంకా కనిపిస్తూనే ఉన్నాయి. ఇంజినీరింగ్ కాలేజీ ల్యాబ్‌లో ఎవరూ ముట్టుకోని సర్వర్, మార్కెట్ యార్డు దగ్గర హోల్‌సేల్ షాపులో బిల్లింగ్ నడిపే సీపీయూ, బెంగళూరు కంపెనీకి ఇంట్లో కూర్చుని పనిచేసే పిల్లలు చవగ్గా తీసుకున్న పాత వీపీఎస్ (అద్దెకిచ్చే ఆన్‌లైన్ సర్వర్). వీటి మీద నోడ్ 18 (జావాస్క్రిప్ట్ ప్రోగ్రాంలని నడిపే సాఫ్ట్‌వేర్) దించి నడపబోతే, దాదాపు ప్రోగ్రాంలన్నీ వాడుకునే జీలిబ్‌సీ అనే అడుగు లైబ్రరీ పాతదని స్క్రీన్ మీద వరసగా లైన్లు పడతాయి: లిబ్‌ఎం.ఎస్ఓ.6లో జీలిబ్‌సీ_2.27 దొరకలేదు, లిబ్‌సీ.ఎస్ఓ.6లో జీలిబ్‌సీ_2.25 దొరకలేదు, 2.28 దొరకలేదు, దాని కింద సీ ప్లస్ ప్లస్ లైబ్రరీలో జీలిబ్‌సీఎక్స్‌ఎక్స్_3.4.20 దొరకలేదు. 2024 మొదట్లో ప్రోగ్రాంలు రాసుకునే ఎడిటర్ వీఎస్ కోడ్ 1.86 వచ్చినప్పుడు, రిమోట్ సర్వర్‌కి కనెక్ట్ కావాలంటే అక్కడ జీలిబ్‌సీ కనీసం 2.28 ఉండాలనేసరికి పెద్ద గొడవే అయింది. కంపెనీ వెనక్కి తగ్గి పాత మిషన్లకి ఇంకో ఏడాది గడువిచ్చింది, ఆ గడువూ 2025లో తీరిపోయింది.

ఈ మెసేజ్ చూసినవాళ్లు అడిగేది ఒక్కటే: "ఆ 2.28 ఏదో ఎక్కించేస్తే పోతుంది కదా?" దానికి వచ్చే సలహాలు రెండు రకాలు. ఒకరు సోర్స్ దించి కంపైల్ చేసి మేక్ ఇన్‌స్టాల్ కొట్టమంటారు, ఇంకొకరు దాని జోలికే పోవద్దు, మిషన్ లేవదు అంటారు. రెండోవాళ్ల మాట చాలావరకు నిజమే గానీ ఎందుకో చెప్పరు. కారణం తెలియనప్పుడు ఆ భయం అవసరమైన చోటా, అక్కర్లేని చోటా ఒకేలా పనిచేస్తుంది. అందుకే కొందరు మామూలు సెక్యూరిటీ అప్‌డేట్లు కూడా ఏళ్ల తరబడి ఆపేసి కూర్చుంటారు, అది ఇంకా ప్రమాదం. కాబట్టి కారణం దగ్గర్నుంచే మొదలుపెడదాం.

మిషన్‌లో అన్నిటికీ అడుగున ఉండే ఫైలు

సీ ప్రోగ్రాంలో తెర మీద అక్షరాలు చూపించడానికి మీరు ప్రింట్‌ఎఫ్ అని రాస్తే, ఆ ప్రింట్‌ఎఫ్ ఎలా పనిచేయాలో చెప్పే కోడ్ మామూలుగా మీ ప్రోగ్రాం ఫైల్లో ఉండదు. అది బయట ఇంకో ఫైల్లో ఉంటుంది, నడిచేటప్పుడు అక్కడి నుంచి తెచ్చుకుంటారు. అలా చాలా ప్రోగ్రాంలు కలిసి వాడుకునే ఫైలే షేర్డ్ లైబ్రరీ. ఫైల్ తెరవడం, మెమరీ అడగడం, వెబ్‌సైట్ పేరుకి ఐపీ అడ్రస్ వెతకడం, పేర్లని అక్షరక్రమంలో పెట్టడం, టైమ్ చూడడం, ఇలాంటి పనులన్నీ కట్టగట్టి పెట్టిన లైబ్రరీ జీలిబ్‌సీ, అంటే గ్నూ ప్రాజెక్టు వాళ్ల సీ లైబ్రరీ. ఉబుంటు, డెబియన్, ఫెడోరా, రెడ్‌హ్యాట్, ఆర్చ్, ఈ లైనక్స్ రకాల్ని (వీటినే డిస్ట్రోలు అంటారు) చూస్తే అన్నిట్లోనూ ఇదే. ఆల్పైన్ లాంటి కొన్ని మాత్రం మజిల్ అనే వేరే లైబ్రరీ వాడతాయి.

బ్యాష్, ఎల్ఎస్, సీపీ, సుడో, సిస్టమ్‌డీ, పైథాన్ అన్నీ దీని మీదే ఆధారపడతాయి. చివరికి ప్యాకేజీలు ఎక్కించే ఆప్ట్, డీఎన్ఎఫ్ కూడా. మీ ఇంటి మోటారు మార్చుకోవడం మీ ఇష్టం, వీధి చివర ట్రాన్స్‌ఫార్మర్ మార్చాలంటే మాత్రం వీధి మొత్తం ఏ లోడ్‌కి అలవాటుపడి ఉందో చూడాలి. నోడ్ మోటారు, జీలిబ్‌సీ ట్రాన్స్‌ఫార్మర్.

ఇంకో విషయం చాలామందికి తెలియదు. జీలిబ్‌సీ ఒక్క ఫైలు కాదు. దానితో పాటు లోడర్ అని ఇంకో ఫైలు వస్తుంది, 64 బిట్ పీసీలో దాని పేరు ఎల్‌డీ-లైనక్స్-ఎక్స్86-64.ఎస్ఓ.2. మీరు ఎల్ఎస్ అని కొట్టగానే కెర్నెల్ (హార్డ్‌వేర్‌ని నడిపే లైనక్స్ అసలు భాగం) ఆ ప్రోగ్రాంతో పాటు ఈ లోడర్‌ని కూడా మెమరీలోకి తెచ్చి, ముందు లోడర్‌నే నడుపుతుంది. ఏ లైబ్రరీలు కావాలో చూసి, వెతికి తెచ్చి, అతికించి, ఆ తర్వాత ఎల్ఎస్‌కి దారి ఇచ్చేది లోడరే. లోడర్, లిబ్‌సీ (జీలిబ్‌సీలో ప్రధాన ఫైలు, లిబ్‌సీ.ఎస్ఓ.6) రెండూ ఒకే బిల్డ్‌లో పుట్టిన జంట, జీలిబ్‌సీ_ప్రైవేట్ అనే గుర్తుతో బయటివాళ్లు వాడకూడని ఫంక్షన్ల ద్వారా ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయి. ఆ ప్రైవేట్ భాష ఏ వెర్షన్‌కైనా మారిపోవచ్చు, మారదని ఎవరూ మాటివ్వలేదు. కొత్త లిబ్‌సీ ఫైల్ని ఒక ఫోల్డర్లో పెట్టి, లైబ్రరీలు ఎక్కడ వెతకాలో చెప్పే ఎల్‌డీ_లైబ్రరీ_పాత్‌ని అటు తిప్పితే సెగ్మెంటేషన్ ఫాల్ట్ అని ప్రోగ్రాం పడిపోయేది ఇందుకే. పాత లోడర్‌కి కొత్త లిబ్‌సీ అంటగట్టారు.

ఒకే పేరు, లోపల ఇరవై ఏళ్ల వెర్షన్లు

లిబ్‌సీ.ఎస్ఓ.6 అన్న పేరు 1997లో జీలిబ్‌సీ 2.0 నుంచి మారలేదు. ఏడాదికి రెండుసార్లు, ఫిబ్రవరి, ఆగస్టు దరిదాపుల్లో కొత్త వెర్షన్ వస్తూనే ఉన్నా పేరు అదే. మరి పాత ప్రోగ్రాంలు ఎలా బతుకుతున్నాయి? సింబల్ వెర్షనింగ్ అనే ఏర్పాటు వల్ల. లైబ్రరీలో ఉన్న ప్రతి ఫంక్షన్ మీద అది ఏ వెర్షన్లో వచ్చిందో ముద్ర ఉంటుంది. ఒక ఫంక్షన్ ప్రవర్తన మార్చాల్సి వస్తే పాతదాన్ని తీసేయరు, పాత ముద్రతో అలాగే ఉంచి కొత్తదాన్ని కొత్త ముద్రతో పక్కన చేరుస్తారు. ప్రోగ్రాం కంపైల్ అయినప్పుడు ఏ ముద్ర దొరికిందో అదే జీవితాంతం అడుగుతుంది.

మెమ్‌సీపీవై కథ దీనికి మంచి ఉదాహరణ. మెమరీలో ఒక చోటి నుంచి ఇంకో చోటికి డేటా కాపీ చేసే ఫంక్షన్ అది. రెండు చోట్లూ ఒకదాని మీద ఒకటి పడకూడదు, పడితే ఫలితానికి గ్యారంటీ లేదని స్టాండర్డ్‌లోనే ఉంది, అలాంటప్పుడు వాడాల్సింది మెమ్‌మూవ్. 2010లో జీలిబ్‌సీ వాళ్లు కొన్ని ప్రాసెసర్ల మీద మెమ్‌సీపీవైని స్పీడ్ చేయడానికి వెనక నుంచి ముందుకి కాపీ చేసేలా మార్చారు. ఫెడోరా 14లో ఫ్లాష్ ప్లేయర్ వాడేవాళ్లకి పాటల్లో గరగర మొదలైంది. ఫ్లాష్ తప్పుగా వాడింది, వాళ్లే దిద్దుకోవాలి అని లైబ్రరీ వైపు వాదన. నిన్నటిదాకా పాట బాగా వినిపించిన మనిషికి ఎవరిది తప్పో అనవసరం, పనిచేసేదాన్ని పాడుచేయకూడదు అని లైనక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ వాదన, ఆయన ఆ బగ్ రిపోర్టులోనే గట్టిగా వాదించాడు. రెండు వైపులా న్యాయం ఉంది. చివరికి 2011లో వచ్చిన 2.14లో మెమ్‌సీపీవైకి కొత్త ముద్ర వేసి, పాత ముద్ర అడిగే ప్రోగ్రాంలన్నిటికీ లోపల మెమ్‌మూవే ఇచ్చారు. పాత ఫ్లాష్ బతికింది, కొత్త ప్రోగ్రాంలకి స్పీడూ దక్కింది. కానీ దాంతోపాటు ఇంకొకటి కూడా జరిగింది: 2.14 ఉన్న మిషన్‌లో కంపైల్ చేసిన ప్రోగ్రాం మెమ్‌సీపీవై వాడితే, జీలిబ్‌సీ 2.12 ఉన్న సెంటాస్ 6 మీద ఇక నడవదు.

ఇది ఎవరైనా ఇంట్లో చేసి చూడొచ్చు. ఉబుంటు 22.04 ఉన్న ల్యాప్‌టాప్‌లో హలో వరల్డ్ ప్రోగ్రాం కంపైల్ చేసి, ఆ ఫైల్ని పెన్‌డ్రైవ్‌లో తీసుకెళ్లి ఉబుంటు 20.04 ఉన్న ల్యాబ్ మిషన్‌లో నడపండి. జీలిబ్‌సీ_2.34 దొరకలేదని ఆగిపోతుంది. 22.04లో ఉన్నది 2.35, 20.04లో ఉన్నది 2.31. హలో అని ప్రింట్ చేయడానికి 2.34లో ఏం కొత్త సరుకు కావాల్సి వచ్చింది? ప్రోగ్రాంలో మీరు రాసిన దాంట్లో ఏమీ లేదు. ప్రతి ప్రోగ్రాం మొదలవ్వడానికి తెర వెనక పిలిచే లిబ్‌సీ_స్టార్ట్_మెయిన్ అనే ఫంక్షన్‌కి 2.34లో కొత్త ముద్ర పడింది, అంతే. ఆబ్జ్‌డంప్ కమాండ్‌ని పెద్ద టీ ఆప్షన్‌తో ఆ ఫైల్ మీద నడిపితే ఆ ముద్ర కళ్లారా కనిపిస్తుంది. తిరగేసి చేయండి, 20.04లో కంపైల్ చేసి 22.04లో నడపండి, ఏ గొడవా ఉండదు. బైట పంచిపెట్టే ప్రోగ్రాంలని పాత మిషన్ల మీద బిల్డ్ చేసేది ఇందుకే.

ఎక్కడం కంటే దిగడం ఎందుకు కష్టం

పై ప్రయోగం అర్థమైతే డౌన్‌గ్రేడ్ సంగతి సగం తెలిసినట్టే. జీలిబ్‌సీ ఇచ్చే మాట ఒకే దిక్కుకి: పాత ప్రోగ్రాం కొత్త లైబ్రరీ మీద నడుస్తుంది. కొత్త ప్రోగ్రాం పాత లైబ్రరీ మీద నడుస్తుందని ఎవరూ అనలేదు.

డెబియన్ 13లో జీలిబ్‌సీ 2.41. దాన్ని డెబియన్ 12లో ఉన్న 2.36కి దించాలని ఎవరికో అనిపించిందనుకుందాం, ఏదో పాత సాఫ్ట్‌వేర్ కొత్తదాంట్లో మొరాయించింది కాబట్టి. ఆ మిషన్‌లోని ప్రోగ్రాంలు చాలావరకు 2.36 కంటే కొత్త జీలిబ్‌సీ చూసుకుని కంపైల్ అయినవి. 2.38లో, అక్షరాల్లో ఉన్న అంకెని నంబర్‌గా మార్చే స్ట్ర్‌టోల్ కుటుంబానికి సీ23 స్టాండర్డ్ కోసం కొత్త రూపాలు వచ్చాయి, వాటిని వాడుకున్న ప్రోగ్రాం ఏదైనా 2.38 ముద్ర అడుగుతుంది, దాని సోర్స్ కోడ్‌లో ఒక్క అక్షరం మారకపోయినా సరే. లిబ్‌సీ దిగిన క్షణం నుంచి ఇలాంటివన్నీ వరసగా పడిపోతాయి. డౌన్‌గ్రేడ్ పూర్తి చేయాల్సిన ప్యాకేజీ మేనేజర్ కూడా ఆ వరసలోనే ఉండొచ్చు, అది పని మధ్యలో తను నిలబడిన నేలనే తవ్వేసుకుంటుంది. అందుకే డెబియన్ డౌన్‌గ్రేడ్‌ని సపోర్ట్ చేయదు. రెడ్‌హ్యాట్ కూడా వేసిన ప్యాకేజీలని వెనక్కి తీసే హిస్టరీ అన్‌డూ సౌకర్యం ఇచ్చినా, కెర్నెల్, ఎస్ఈలైనక్స్, జీలిబ్‌సీలని వెనక్కి దించడానికి అది సపోర్ట్ ఉన్న పద్ధతి కాదని రాసిపెట్టింది.

ఇక్కడ ఒక తేడా గమనించాలి. మెయిన్ నంబర్ అలాగే ఉండి, చివర ఉండే డిస్ట్రో నంబర్ మాత్రమే తగ్గే డౌన్‌గ్రేడ్ వేరు. ఉబుంటు 22.04లో నిన్న వచ్చిన 2.35 అప్‌డేట్ ఏదో ఇబ్బంది పెట్టింది, మొన్నటి 2.35కి వెళ్లాలి, ఇది మామూలుగా సాధ్యమే, ముద్రలేవీ మారవు కాబట్టి. లిబ్‌సీ6 ఒక్కటే కాకుండా లిబ్‌సీ-బిన్, డెవ్ ప్యాకేజీ, 32 బిట్ లిబ్‌సీ ఉంటే అదీ ఒకే కమాండ్‌లో ఒకే వెర్షన్‌కి దిగాలి, లేకపోతే ఆప్ట్ ఒప్పుకోదు. అయితే అలా దిగితే ఆ అప్‌డేట్ మూసిన సెక్యూరిటీ రంధ్రం మళ్లీ తెరుచుకుంటుంది, ఇక అప్‌డేట్ కాకుండా హోల్డ్‌లో పెట్టి మర్చిపోతే అలాగే తెరిచి ఉంటుంది.

నిజంగా వెనక్కి వెళ్లే దారి కావాలంటే అది అప్‌గ్రేడ్‌కి ముందే ఉండాలి. స్నాప్‌షాట్ అంటే ఆ క్షణంలో డిస్క్ ఎలా ఉందో దాచిపెట్టుకోవడం: బీటీఆర్‌ఎఫ్ఎస్ మీద స్నాప్‌షాట్, ఎల్‌వీఎం స్నాప్‌షాట్, టైమ్‌షిఫ్ట్, వీపీఎస్ అయితే ప్రొవైడర్ ప్యానెల్లో ఇచ్చే స్నాప్‌షాట్. ఇవన్నీ లైబ్రరీ ఒక్కదాన్నే కాదు, సిస్టమ్ మొత్తాన్ని నిన్నటి స్థితికి తీసుకెళ్తాయి, అందుకే పనిచేస్తాయి.

నంబర్ మారని అప్‌డేట్లు

2015 జనవరిలో ఘోస్ట్ అనే లోపం బయటపడింది. గెట్‌హోస్ట్‌బైనేమ్ ఫంక్షన్‌లో ఉన్న తప్పు. ఆశ్చర్యం ఏమిటంటే ఆ తప్పుని అసలు ప్రాజెక్టు 2013లోనే 2.18 కోసం దిద్దేసింది, కాకపోతే అది సెక్యూరిటీ సమస్య అని అప్పట్లో ఎవరూ గుర్తించలేదు. కాబట్టి 2.12, 2.17 లాంటి పాత నంబర్లతో ఉన్న డిస్ట్రోలన్నిట్లో అది అలాగే ఉండిపోయింది. బయటపడ్డాక ఆ డిస్ట్రోలు ఏం చేశాయి? 2.18కి ఎక్కలేదు. ఆ ఒక్క దిద్దుబాటుని తీసుకొచ్చి తమ 2.12లో, 2.17లో కలిపి, చివరి నంబర్ పెంచి పంపాయి. దీన్ని బ్యాక్‌పోర్ట్ అంటారు.

అంటే ఎల్‌డీడీ కమాండ్‌కి వెర్షన్ ఆప్షన్ ఇచ్చి జీలిబ్‌సీ నంబర్ చూసి "2.17, చాలా పాతది, డేంజర్" అనుకోవడం సగం తప్పు, "2.39, కొత్తది, సేఫ్" అనుకోవడం ఇంకో సగం తప్పు. 2023 అక్టోబర్లో బయటపడిన లూనీ ట్యూనబుల్స్ లోపం లోడర్‌లోకి వచ్చిందే 2.34తో, మిషన్‌లో మామూలు యూజర్‌గా ఉన్నవాణ్ణి రూట్‌ని, అంటే అన్ని అధికారాలూ ఉన్న యూజర్‌ని చేసేంత పెద్దది. చూడాల్సింది ప్యాకేజీ పూర్తి నంబర్, ఆ డిస్ట్రో ఇంకా సపోర్ట్‌లో ఉందా లేదా అన్నది. సెంటాస్ 7లో ఇప్పుడు సమస్య 2.17 అన్న అంకె కాదు, దానికి ఉచితంగా దిద్దుబాటు పంపేవాళ్లు 2024 జూన్ తర్వాత లేకపోవడం.

ఈ రకం అప్‌డేట్‌కి భయపడాల్సిన పని లేదు, ఆపకూడదు కూడా. ఒక్క మెలిక ఉంది: అప్‌డేట్ అయిపోయినంత మాత్రాన నడుస్తున్న ప్రోగ్రాంలు కొత్త లైబ్రరీకి మారవు. డిస్క్ మీద పాత ఫైల్ పేరు పోయినా, దాన్ని తెరిచి ఉంచిన ప్రోగ్రాం ఉన్నంతసేపు ఆ డేటా అలాగే ఉంటుంది. ఎంజిన్‌ఎక్స్ వెబ్ సర్వర్ మూడు నెలలుగా ఆగకుండా నడుస్తుంటే, అది మూడు నెలల కిందటి లోపంతోనే నడుస్తోంది. ఉబుంటులో నీడ్‌రీస్టార్ట్, రెడ్‌హ్యాట్ వైపు నీడ్స్-రీస్టార్టింగ్ అనే టూల్స్ ఈ లెక్క తీస్తాయి. జీలిబ్‌సీ విషయంలో మాత్రం అన్నీ విడివిడిగా రీస్టార్ట్ చేయడం కంటే రాత్రి షాపు కట్టేశాక మిషన్‌నే ఒకసారి రీబూట్ చేయడం తేలిక.

సెంటాస్ 7 షాపు, నోడ్ 18: ఉన్న దారులు

ఇప్పుడు మొదటి ప్రశ్నకి వద్దాం. కర్నూలు మార్కెట్ యార్డు దగ్గర ఒక షాపు అనుకుందాం. సెంటాస్ 7, పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో కస్టమర్ల ఖాతాలు, కొత్త బిల్లింగ్ యాప్‌కి నోడ్ 18 కావాలి. మేక్ ఇన్‌స్టాల్ దారి గానీ, ఫెడోరా ఆర్‌పీఎం ప్యాకేజీ దించి, ఏ హెచ్చరికా పట్టించుకోవద్దని చెప్పే ఫోర్స్, నోడెప్స్ ఆప్షన్లు పెట్టి తోసే దారి గానీ పక్కన పెడదాం, అవి ఎందుకు కూడదో పైన చూశాం. మిగిలిన వాటిలో ఏది మంచిదన్న దాని మీద అనుభవం ఉన్నవాళ్లు కూడా ఏకమాట మీద లేరు.

సిస్టమ్ మొత్తాన్ని మార్చాలన్నది ఒక పక్షం. ఆల్మాలైనక్స్ వాళ్ల ఎలివేట్ టూల్‌తో 7 నుంచి 8కి ఎక్కొచ్చు, అక్కడ జీలిబ్‌సీ 2.28, సరిగ్గా నోడ్ అడిగినంత. లేదా ఇంకో డిస్క్‌లో కొత్తది వేసి డేటా తరలించొచ్చు. వేల ప్యాకేజీలు ఒకదానితో ఒకటి కలిపి పరీక్షించి ఇచ్చేదే డిస్ట్రో కాబట్టి అడుగు మారాలంటే అంతా కలిసే మారాలి అని వీళ్ల వాదన, సెక్యూరిటీ సమస్య కూడా దీంతోనే తీరుతుంది. కాకపోతే షాపు ఒక పూట ఆగాలి, పాత ప్రింటర్ డ్రైవర్ లాంటివి కొత్తదాంట్లో రాకపోవచ్చు.

కంటెయినర్ పక్షం వాళ్లు కింద సిస్టమ్‌ని ముట్టుకోవద్దంటారు. డాకర్ కంటెయినర్లో యాప్‌తో పాటు దాని జీలిబ్‌సీ, లోడర్ అన్నీ లోపలే వస్తాయి, బయటి నుంచి తీసుకునేది కెర్నెల్ ఒక్కటే. జీలిబ్‌సీకి 2.26 నుంచి కెర్నెల్ 3.2 ఉంటే చాలు, సెంటాస్ 7 కెర్నెల్ 3.10 (చుక్క తర్వాత పది, రెండు కంటే కొత్తది), కాబట్టి సరిపోతుంది. అయితే ఇందులోనూ ఒక ముల్లు ఉంది. జీలిబ్‌సీ 2.34 నుంచి కొత్త థ్రెడ్ పుట్టించడానికి క్లోన్3 అనే కొత్త సిస్టమ్ కాల్ (కెర్నెల్‌ని పని అడిగే పిలుపు) వాడుతుంది. అది లేదని కెర్నెల్ చెబితే పాత క్లోన్‌తో సర్దుకుంటుంది. కానీ డాకర్ 20.10.10 కంటే పాతదైతే దాని సెక్యూరిటీ ఫిల్టర్ "లేదు" అనకుండా "అనుమతి లేదు" అంటుంది, ఆ జవాబుకి జీలిబ్‌సీ వెనక్కి తగ్గదు, థ్రెడ్ పుట్టదు, యాప్ పడిపోతుంది. సెంటాస్ 7 సొంత రిపోలో ఉన్న డాకర్ 1.13, అంటే లోపల 2.34గానీ ఆపైన గానీ ఉన్న ఇమేజ్ నడిపితే ఈ సమస్య తగిలేదే. సిస్టమ్ మార్చమనే పక్షం ఇక్కడ ఇంకో అభ్యంతరం చెబుతుంది: ప్రతి యాప్ తన లైబ్రరీ తను తెచ్చుకుంటే, రేపు ఇంకో ఘోస్ట్ వచ్చినప్పుడు ఒక్క చోట దిద్దితే పోయేది పది ఇమేజ్‌ల్లో దిద్దాలి, ఎవరు దిద్దుతారు? ఆ ప్రశ్నకి చిన్న షాపులో నిజాయితీగా చెప్పాలంటే జవాబు "ఎవరూ దిద్దరు".

నోడ్ ఒక్కదాని మాట అయితే, జీలిబ్‌సీ 2.17 మీద నడిచేలా విడిగా బిల్డ్ చేసిన నోడ్ 18ని నోడ్ ప్రాజెక్టు అనఫీషియల్ బిల్డ్స్ పేరుతో ఇస్తోంది. పూర్తి పరీక్షలు లేవు కానీ పని గడుస్తుంది. ఇంకా, కొత్త జీలిబ్‌సీని /opt ఫోల్డర్లో వేరుగా పెట్టి, ప్యాచ్‌ఎల్ఫ్ అనే టూల్‌తో ఆ ఒక్క ప్రోగ్రాంకి మాత్రమే కొత్త లోడర్ దారి చూపించే పద్ధతి ఉంది. లోడర్, లిబ్‌సీ జంటగా వెళ్తాయి కాబట్టి ఇది సూత్రరీత్యా సరైనదే. కానీ సీ ప్లస్ ప్లస్ లైబ్రరీ కూడా విడిగా తేవాలి, భాషల డేటా ఎక్కడుందో చెప్పాలి, ఆ ప్రోగ్రాం పుట్టించే పిల్ల ప్రాసెస్‌లు మళ్లీ పాత లైబ్రరీకే వెళ్తాయి. చేసినవాళ్లు ఊరు మారితే తర్వాత వచ్చినవాళ్లకి అదొక పొడుపుకథ.

నా అభిప్రాయం అడిగితే, ఇంటర్నెట్‌కి తెరిచి ఉన్న మిషన్ అయితే సిస్టమ్ మొత్తం మార్చడమే, మిగతావన్నీ ఆ పని అయ్యేదాకా వాడుకునే ఊతకర్రలు.

లిబ్‌సీ పోయిన మిషన్ ముందు కూర్చుంటే

ఎవరో లిబ్‌సీ.ఎస్ఓ.6 లింక్‌ని చెరిపేశారు. ఆ క్షణం నుంచి ఎల్ఎస్ కొడితే లైబ్రరీ తెరవలేకపోయాను అంటుంది, సీపీ అదే, ఎంవీ అదే. సుడో కూడా అదే, అంటే అప్పటికే రూట్ షెల్‌లో లేకపోతే ఇక రూట్ అవ్వలేరు. ఎస్ఎస్‌హెచ్‌తో కొత్తగా లోపలికి రావడమూ కుదరదు, ఎందుకంటే లాగిన్ అవ్వగానే మొదలవ్వాల్సిన బ్యాష్‌కీ లిబ్‌సీ కావాలి. కానీ ఇప్పటికే తెరిచి ఉన్న టెర్మినల్ మాత్రం చావదు, దాని లైబ్రరీ మెమరీలో ఉంది. ఆ విండోని మూయకుండా ఉంచుకోవడం మీదే అంతా ఆధారపడి ఉంది.

ఆ విండోలో బ్యాష్ లోపలే ఉన్న కమాండ్లు పనిచేస్తాయి. సీడీ పనిచేస్తుంది, ఎకో తర్వాత నక్షత్రం గుర్తు పెడితే ఫోల్డర్లో ఫైళ్ల పేర్లు కనిపిస్తాయి. 2.33 వరకు అసలు ఫైల్ పేరు లిబ్‌సీ-2.17.ఎస్ఓ లాగా నంబర్‌తో ఉండేది, లిబ్‌సీ.ఎస్ఓ.6 దానికి లింక్ మాత్రమే. లింక్ పోయి ఫైల్ మిగిలి ఉంటే, ముందుగా ఏ లైబ్రరీ తేవాలో లోడర్‌కి చెప్పే ఎల్‌డీ_ప్రీలోడ్‌లో ఆ నంబర్ ఉన్న ఫైల్ పూర్తి దారి ఇచ్చి, లింక్ వేసే ఎల్ఎన్ కమాండ్ నడిపితే లింక్ మళ్లీ పడుతుంది. ఎస్ఎల్ఎన్ అనే చిన్న ప్రోగ్రాం కూడా ఉంటుంది, ఏ షేర్డ్ లైబ్రరీ అక్కర్లేకుండా లింక్ వేయడానికే జీలిబ్‌సీ వాళ్లు పెట్టింది. 2.34 నుంచి లింక్ లేదు, లిబ్‌సీ.ఎస్ఓ.6 అన్నదే అసలు ఫైలు, పోతే ఈ చిట్కాలు పనికిరావు. అప్పుడు లైవ్ యూఎస్‌బీతో లేపి, డిస్క్ మౌంట్ చేసి, ప్యాకేజీ మళ్లీ వేయాలి. అక్కడ అందరూ అలవాటుగా ఆ డిస్క్‌లోని సిస్టమ్ లోపలికి వెళ్లే సీహెచ్‌రూట్ కొడతారు, అది పనిచేయదు, ఎందుకంటే లోపలి బ్యాష్‌కీ ఆ పోయిన లిబ్‌సీయే కావాలి. బయటి సిస్టమ్ ఆర్‌పీఎంకి రూట్ ఆప్షన్ ఇచ్చి గానీ, డెబియన్ వైపు అయితే డీప్యాకేజీ-డెబ్‌తో ప్యాకేజీలోని ఫైళ్లని విప్పి గానీ, బయటి నుంచే లోపలికి వేయాలి.

డోర్ నంబర్ల వరస మారిపోయింది

అంతా పద్ధతిగా చేసి, కొత్త సిస్టమ్ లేచి, యాప్ నడిచి, ఏ ఎర్రర్ రాకుండానే డేటా చెడిపోయే సందర్భం ఒకటుంది. నా ఉద్దేశంలో ఈ మొత్తం విషయంలో జనానికి అన్నిటికంటే తక్కువ తెలిసినదీ, ఎక్కువ తెలియాల్సినదీ ఇదే.

పేర్లని అక్షరక్రమంలో పెట్టే పని కూడా జీలిబ్‌సీదే అని మొదట్లో అన్నాను. 2018 ఆగస్టులో వచ్చిన 2.28లో ఆ క్రమం నియమాలు పెద్ద ఎత్తున మారాయి. మన డోర్ నంబర్లే తీసుకోండి. ఒక ఫైల్లో 1-1 అని ఒక లైను, 11 అని ఒక లైను రాసి, అమెరికన్ ఇంగ్లిష్ యూటీఎఫ్-8 లొకేల్‌లో (భాషా నియమాల సెట్టింగ్‌లో) సార్ట్ కమాండ్ ఇవ్వండి. సెంటాస్ 7లో ముందు 11 వస్తుంది, తర్వాత 1-1. 2.28గానీ ఆపైన గానీ ఉన్న మిషన్‌లో ముందు 1-1, తర్వాత 11. పాతది పోల్చేటప్పుడు మధ్యలో గీతని ముందుగా పట్టించుకోదు, కొత్తది పట్టించుకుంటుంది.

పోస్ట్‌గ్రెస్ టెక్స్ట్ కాలమ్ మీద ఇండెక్స్ (త్వరగా వెతకడానికి వరసలో పెట్టుకునే పట్టిక) కట్టేటప్పుడు మామూలుగా ఈ క్రమాన్నే వాడుతుంది. ఆ షాపులో కస్టమర్ల డోర్ నంబర్ మీద ఇండెక్స్ ఉంది, అది 2.17 క్రమంలో డిస్క్ మీద రాసి ఉంది. ఎలివేట్‌తో 2.28కి ఎక్కారు, డేటా ఫోల్డర్ అలాగే ఉంది. ఇప్పుడు 1-1 కోసం వెతికితే పోస్ట్‌గ్రెస్ కొత్త క్రమం ప్రకారం అది ఎడమ వైపు ఉండాలని అటు వెళ్తుంది, కానీ అది పాత క్రమంలో కుడి వైపు కూర్చుని ఉంది. దొరకలేదు అంటుంది. రికార్డు టేబుల్‌లో ఉంది, ఇండెక్స్ చూపించదు. యాప్ కొత్త కస్టమర్ అనుకుని ఇంకో ఖాతా తెరుస్తుంది, ఒకే నంబర్ రెండుసార్లు ఉండకూడదన్న యూనిక్ నిబంధన కూడా అదే ఇండెక్స్ మీద ఆధారపడింది కాబట్టి అడ్డుకోదు. నెల తర్వాత బాకీలు కలవవు.

ఇది ఉబుంటు 18.04 నుంచి 20.04కి, డెబియన్ 9 నుంచి 10కి వెళ్లినవాళ్లకీ వర్తిస్తుంది, అన్నీ 2.28 గీత దాటినవే. కంటెయినర్ దారిలో వెళ్లినా తప్పదు: డేటా వాల్యూమ్ అలాగే ఉంచి, లోపల బేస్ ఇమేజ్ పాత డెబియన్ నుంచి కొత్తదానికి మారితే అదే కథ. ఒక మిషన్‌లో పాతది, ఇంకోదాంట్లో కొత్తది పెట్టి, డిస్క్ ఫైళ్లని ఉన్నదున్నట్టు రెండో మిషన్‌కి పంపే స్ట్రీమింగ్ రెప్లికేషన్ నడిపినా అదే. పీజీడంప్‌తో డేటాని ఫైల్లోకి తీసి కొత్త మిషన్‌లో రీస్టోర్ చేస్తే మాత్రం సమస్య లేదు, ఇండెక్స్‌లు అక్కడ మొదటి నుంచి కడతారు. సీ కొలేషన్ (కొలేషన్ అంటే ఈ అక్షరక్రమం నియమాలే, సీ అంటే కేవలం బైట్ల వరస) తో పెట్టిన డేటాబేస్‌లకీ ఇబ్బంది లేదు. మైఎస్‌క్యూఎల్ తన సొంత క్రమం వాడుతుంది కాబట్టి దానికీ లేదు.

ఇప్పటికే ఎక్కేసి ఉంటే, ఆమ్‌చెక్ అనే ఎక్స్‌టెన్షన్ ఏ ఇండెక్స్ చెడిందో చూపిస్తుంది, రీఇండెక్స్ చేస్తే వరస సరిపోతుంది. ఈలోపు దూరిన డబుల్ ఎంట్రీలు ఉంటే యూనిక్ ఇండెక్స్ రీఇండెక్స్ అక్కడే ఆగుతుంది, వాటిని మనిషే కూర్చుని ఏది అసలు ఖాతానో తేల్చాలి. పోస్ట్‌గ్రెస్ 15 నుంచి డేటాబేస్ కొలేషన్ వెర్షన్ రాసిపెట్టుకుని, అది మారితే కనెక్ట్ అవ్వగానే వార్నింగ్ ఇస్తుంది, పక్కనే రిఫ్రెష్ కొలేషన్ వెర్షన్ అనే కమాండ్ కూడా చెబుతుంది. ఆ కమాండ్ రాసిపెట్టుకున్న నంబర్ని మాత్రమే మారుస్తుంది, ఇండెక్స్‌లని ముట్టుకోదు. రీఇండెక్స్ చేయకుండా అదొక్కటే కొడితే వార్నింగ్ పోతుంది, 1-1 కస్టమర్ మాత్రం దొరకడు.